సిమిలిపాల్ నల్లపులులు: సంఖ్య పెరిగినా తిరిగి రానిదేమిటి?

క్లుప్తంగా: ఒడిశాలోని సిమిలిపాల్‌లో నల్లపులులు అంత ఎక్కువగా ఉండటానికి ప్రధాన కారణం అక్కడి పులులు బయటి పులులతో సంబంధం తెగిపోయి చిన్న గుంపుగా మిగలడం. ఇలాంటి గుంపుల్లో ఏ జన్యువు నిలబడాలి, ఏది కనుమరుగవ్వాలి అన్నది చాలావరకు యాదృచ్ఛికంగానే తేలిపోతుంది. జంతువుల సంఖ్య కొన్నేళ్లలో కోలుకోవచ్చు. పోయిన జన్యు వైవిధ్యం మాత్రం బయటి జంతువులు వచ్చి కలిస్తే తప్ప ఇప్పట్లో తిరిగి రాదు.

మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ టైగర్ రిజర్వు నుంచి నల్లపులి ఫొటో బయటికి వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వినిపిస్తాయి. ఇది కొత్త జాతా? బ్లాక్ పాంథర్ లాంటిదేనా? అడవికి తగ్గట్టు పులి రంగు మార్చుకుంటోందా? 2023-24లో ఒడిశా అటవీ శాఖ జరిపిన లెక్కింపులో రాష్ట్రం మొత్తం మీద 30 పెద్ద పులులు తేలాయి. అందులో 27 సిమిలిపాల్‌లోనే ఉన్నాయి. ఆ 27లో 13 నల్లపులులు. ప్రపంచంలో మరే అడవిలోనూ ఇలాంటి పరిస్థితి లేదు.

2024 జనవరిలో బారిపదా దగ్గర నల్లపులుల సఫారీ పెడతామని ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు మామూలు రంగు ఆడపులులను తెచ్చి సిమిలిపాల్‌లో వదిలారు. అక్కడి పులుల్లో జన్యు వైవిధ్యం పెంచడమే ఉద్దేశమని చెప్పారు. ఒకవైపు నల్లరంగును అరుదైన సంపదగా చూపిస్తూ, మరోవైపు బయటి రక్తం కలపాలనడం ఏమిటన్న అయోమయం సహజమే. నలుపు ఎలా వచ్చింది, ఎందుకు అంతగా వ్యాపించింది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడదీసి చూస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఒకే ఒక్క అక్షరం మార్పు

ముందు ఒక పొరపాటు అభిప్రాయం. బ్లాక్ పాంథర్ అంటే ఒళ్లంతా నల్లబడిన చిరుత. సిమిలిపాల్ పులి అలా ఉండదు. దాని ఒంటి మీద పసుపు రంగు ఉంటుంది. కాకపోతే చారలు వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, వీపు మీదా పక్కల మీదా పసుపును దాదాపు కప్పేస్తాయి. దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో చారల సందుల్లో పసుపు గీతలు సన్నగా కనిపిస్తూనే ఉంటాయి.

బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం ఈ రంగు మూలాన్ని కనిపెట్టి 2021లో ప్రచురించింది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారడమే దీనికి కారణం. ఇదే జన్యువులో వచ్చే వేరే మార్పుల వల్లే కొన్ని పెంపుడు పిల్లుల ఒంటి మీద చారలు చెదిరి మచ్చలుగా మారతాయి, ఆఫ్రికాలోని కొన్ని చీతాలకు చుక్కల బదులు మందపాటి పట్టీలు వస్తాయి. అంటే నల్లపులి కొత్త జాతి కాదు, ఉపజాతి కూడా కాదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి నల్లగా, మరొకటి పసుపుగా ఉండొచ్చు.

ఈ లక్షణం అంతర్గతమైనది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ మారినవే అందితే తప్ప పులి నల్లగా పుట్టదు. ఒక్క ప్రతే మారితే పులి మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఆ ప్రతిని మోస్తూ తిరుగుతుంది, పిల్లలకు ఇవ్వగలుగుతుంది. దేశంలోని ఇతర అడవుల పులుల నమూనాల్లో ఈ మార్పు దొరకలేదు. జూలలో నల్లపులులు ఉన్నచోట వాటి మూలాలు కూడా సిమిలిపాల్ పులులకే చేరాయి.

పరిశోధకులు సిమిలిపాల్ పులుల్లో ఈ జన్యువు ప్రతులను లెక్కిస్తే 58 శాతం మారినవేనని తేలింది. జతకట్టడం ఏ ఎంపికా లేకుండా జరుగుతుందనుకుంటే, ఒక పిల్లకు రెండు వైపుల నుంచీ మారిన ప్రతే అందే అవకాశం 58 శాతంలో 58 శాతం, అంటే సుమారు 34 శాతం. నిజంగా అక్కడ నల్లగా ఉన్నవి 37 శాతమని ఆ అధ్యయనం చెప్పింది. లెక్కకు వాస్తవం చాలా దగ్గరగా ఉంది. ఇదే లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే మరో సంగతి బయటపడుతుంది. అక్కడ పసుపుగా కనిపించే పులుల్లోనూ నాలుగింట మూడొంతులు మారిన ప్రతిని లోపల మోస్తూనే ఉండాలి. కంటికి కనిపించే నలుపు కంటే కనిపించని నలుపే ఎక్కువ.

వేల పులుల్లో ఎక్కడా కనిపించనిది ఒక్క అడవిలో సగానికి పైగా ఎలా చేరింది? ఇదే రెండో ప్రశ్న.

తరం మారేటప్పుడు జరిగే లాటరీ

పరిణామం అనగానే చాలామందికి ప్రకృతి వరణమే గుర్తొస్తుంది. పనికొచ్చే లక్షణం నిలుస్తుంది, పనికిరానిది పోతుంది అని. అది నిజమే, కానీ సగమే. తల్లిదండ్రులు తమ దగ్గరున్న రెండు ప్రతుల్లో ఒకదాన్నే పిల్లకు ఇస్తారు. ఏది ఇస్తారన్నది బొమ్మా బొరుసా వేసినట్టే. దానికి తోడు ఏ పులి పిల్లల్ని కంటుంది, ఏది వేటగాడి ఉచ్చులో పడుతుంది, ఏది కూనగా ఉండగానే చస్తుంది అన్నవాటిలోనూ అదృష్టం పాత్ర ఎక్కువ. ఇలా కేవలం యాదృచ్ఛికంగా జన్యువుల నిష్పత్తి తరం నుంచి తరానికి ఊగిసలాడటాన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దీని పేరు జన్యు విస్తాపం.

పెద్ద గుంపులో ఈ ఊగిసలాట ఒకదానికొకటి సరిపోతుంది. వెయ్యి నాణేలు ఎగరేస్తే బొమ్మలు సగానికి దగ్గర్లోనే పడతాయి. పది ఎగరేస్తే ఏడో, ఎనిమిదో పడినా ఆశ్చర్యం లేదు. చిన్న గుంపులో ఒక జన్యు రూపం కొన్ని తరాల్లోనే సగం నుంచి నూటికి నూరుకు చేరొచ్చు, లేదా పూర్తిగా మాయమవ్వొచ్చు. ఒకసారి సున్నాకు చేరిందంటే ఆ తర్వాత లాటరీలో దాని చీటీయే ఉండదు.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపిన ప్రయోగం 1956లో పీటర్ బ్యూరీ ప్రచురించినది. కంటి రంగును నిర్ణయించే ఒక జన్యువులో రెండు రూపాలు సరిగ్గా సగం సగం ఉండేలా పండు ఈగలతో 107 గుంపులు తయారు చేశారు. ఒక్కో గుంపులో 8 మగ ఈగలు, 8 ఆడ ఈగలు. ప్రతి తరంలోనూ పుట్టిన వాటిలోంచి మళ్లీ 8 మగవాటిని, 8 ఆడవాటిని ఏ ఎంపికా లేకుండా తీసి తర్వాతి తరానికి వదిలారు. అన్నిటి మొదలూ ఒకటే, పరిస్థితులూ ఒకటే. 19 తరాలు గడిచేసరికి 30 గుంపుల్లో మొదటి రూపం పూర్తిగా అంతరించింది. 28 గుంపుల్లో రెండోది అంతరించింది. రెండు వైపులకూ దాదాపు సమానంగా చీలడమే ఇక్కడ కీలకం. ఏదో ఒక రూపం మేలైనదైతే ఫలితం ఒకే వైపుకు మొగ్గేది. ఒక్కో గుంపునే విడిగా చూసిన మనిషి మాత్రం ‘ఇక్కడ ఈ రంగే పనికొచ్చింది కాబట్టి నిలిచింది’ అని కథ అల్లుకునే ప్రమాదం ఉంది. సిమిలిపాల్ విషయంలో జరుగుతున్నదీ సరిగ్గా అదే.

దట్టమైన సాల్ అడవి నీడలో నల్లటి ఒళ్లు వేటకు కలిసొస్తుందేమో అన్న ఊహ ఉంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, పరిశోధకులూ కొట్టిపారేయలేదు. కానీ వాళ్లు కంప్యూటర్‌లో నడిపి చూసిన నమూనాల్లో, అతి కొద్ది పులులతో మొదలై, చాలాకాలం బయటి పులులతో కలవని గుంపులో ఈ స్థాయి నలుపు రావడానికి డ్రిఫ్ట్ చాలని తేలింది. నలుపు వల్ల లాభం ఉందనుకోవాల్సిన అవసరమే రాలేదు.

బాటిల్‌నెక్: ఎంత సన్నం, ఎంత పొడవు

వేట వల్లో, అడవి నరికివేత వల్లో, జబ్బు వల్లో ఒక గుంపు ఒక్కసారిగా కొద్ది జంతువులకు కుంచించుకుపోవడాన్ని బాటిల్‌నెక్ (సీసా మెడ) అంటారు. కొద్ది జంతువులు వేరే చోటికి వెళ్లి కొత్త గుంపు మొదలుపెట్టినా ఫలితం అలాంటిదే.

బాటిల్‌నెక్ చేసే నష్టం రెండు రకాలు. మొదటిది, అరుదైన జన్యు రూపాలు వెంటనే జారిపోవడం. గుంపులో 5 శాతం మాత్రమే ఉన్న ఒక రూపాన్ని తీసుకుందాం. 50 జంతువులు మిగిలితే వాటి 100 ప్రతుల్లో అది ఒక్కటైనా లేకుండా పోయే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. 10 జంతువులే మిగిలితే అది 36 శాతం. ఇలాంటి అరుదైన రూపాల్లోనే రేపు వచ్చే కొత్త వైరస్‌ను తట్టుకునే శక్తి ఉండొచ్చు.

రెండో నష్టం నెమ్మదిగా జరుగుతుంది, ఎక్కువమంది గమనించనిదీ అదే. ఒక జంతువుకు తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి వేర్వేరు రూపాలు అందే అవకాశం ప్రతి తరంలోనూ కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, సంతానోత్పత్తిలో నిజంగా పాల్గొనే జంతువుల సంఖ్యను రెండింతలు చేసి, ఒకటిని దానితో భాగిస్తే వచ్చేంత. 50 ఉంటే తరానికి 1 శాతం. 10 ఉంటే 5 శాతం. 10 మందితో ఒకే తరం గడిచి వెంటనే గుంపు పెరిగిపోతే పోయేది 5 శాతమే, అది పెద్ద దెబ్బేం కాదు. అదే 10 మందితో 10 తరాలు గడిస్తే 40 శాతం పోతుంది. పులులకు 10 తరాలంటే సుమారు 50, 60 ఏళ్లు. అందుకే సీసా మెడ ఎంత సన్నంగా ఉందన్నదాని కన్నా ఎంత పొడవుగా ఉందన్నదే ఎక్కువసార్లు గుంపు భవిష్యత్తును తేలుస్తుంది. పత్రికల్లో మాత్రం ‘ఇంతకు పడిపోయాయి, ఇంతకు పెరిగాయి’ అన్న రెండు అంకెలే వస్తాయి.

ఇక్కడ ‘నిజంగా పాల్గొనే’ అన్న మాట ముఖ్యం. తలలు లెక్కపెడితే వచ్చే సంఖ్య, జన్యుపరంగా లెక్కకొచ్చే సంఖ్య ఒకటి కాదు. మన పశువుల్నే తీసుకుంటే, ఒక దేశవాళీ మందలో 100 ఆవులు, 4 ఆబోతులు ఉన్నాయనుకుందాం. చూడటానికి 104. కానీ పుట్టే ప్రతి దూడలోనూ సగం జన్యువులు ఆ నాలుగింటి నుంచే రావాలి. లెక్క వేస్తే ఆ మంద విలువ జన్యుపరంగా 15తో సమానం. పుంగనూరు లాంటి తక్కువ సంఖ్యలో మిగిలిన జాతుల్లో కొద్ది ఆబోతుల మీదే ఆధారపడితే ఇదే సమస్య వస్తుంది. అడవిలోనూ అంతే. ఒక బలమైన మగపులి నాలుగైదు ఆడపులుల ప్రాంతాలను తన గుప్పిట్లో పెట్టుకుంటే మిగతా మగపులులు లెక్కలో ఉన్నా వంశంలో ఉండవు. 27 పెద్ద పులులంటే జన్యుపరంగా అంతకంటే బాగా తక్కువేనని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

దగ్గర రక్తం ఏం చేస్తుంది

మేనరికాల్లో పుట్టిన పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువని తెలుగు ఇళ్లలో చాలామందికి తెలుసు. ప్రతి ప్రాణీ కొన్ని దెబ్బతిన్న జన్యువులను మోస్తూనే ఉంటుంది. రెండో ప్రతి బాగుంటే అవి బయటపడవు. తల్లిదండ్రులు దగ్గర బంధువులైతే ఒకే దెబ్బతిన్న ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి చేరుతుంది. చిన్న గుంపులో కొన్ని తరాలు గడిచాక బంధువు కాని జంతువంటూ మిగలదు. ఎవరితో జతకట్టినా మేనరికమే.

దీని ఫలితం ఎక్కువగా సంతానోత్పత్తిలోనే ముందు కనిపిస్తుంది. 1987లో సింహాల మీద ప్రచురించిన ఒక పోలిక ఇప్పటికీ చెప్పుకోదగ్గది. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో సింహాలు వేలల్లో ఉంటాయి. పక్కనే గోరోంగోరో అనే అగ్నిపర్వత బిలంలో ఉన్న సింహాలు 1962లో రక్తం పీల్చే ఈగల దాడికి దాదాపు పది దాకా పడిపోయి, కొద్దింటి నుంచే మళ్లీ పెరిగాయి. మూడోది మన గుజరాత్‌లోని గిర్. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ సింహాలు కొద్ది పదుల్లోనే మిగిలాయని అంచనాలు. శాస్త్రవేత్తలు ఈ మూడు చోట్లా మగ సింహాల వీర్యాన్ని పరీక్షించారు. వంకర తోకలు, వికార ఆకారాలు ఉన్న శుక్రకణాలు సెరెంగెటిలో పాతిక శాతం, గోరోంగోరోలో సగం, గిర్‌లో మూడింట రెండొంతులు. బాటిల్‌నెక్ ఎంత తీవ్రమైతే లోపం అంత ఎక్కువ. మూడు మెట్లూ వరసగా కనిపించడం వల్లే ఈ పోలికకు అంత బలం వచ్చింది.

గిర్ సింహాల్లో జన్యు తేడాలే లేవన్న తొలి ఫలితాల మీద తర్వాత వాదన నడిచింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన అధ్యయనంలో వేరే పద్ధతులతో చూసి కొంత వైవిధ్యం ఉందని చూపారు. 2020లో సింహాల మొత్తం జన్యుక్రమాలను పోల్చినప్పుడు మాత్రం భారతీయ సింహాల్లో వైవిధ్యం అసాధారణంగా తక్కువని మళ్లీ తేలింది. అసలు లేకపోవడం, చాలా తక్కువగా ఉండటం ఒకటి కాదు. ఆ కొంచెమే ఇప్పుడు కాపాడుకోవాల్సింది.

అమెరికాలో ఫ్లోరిడా పాంథర్ అని పిలిచే ప్యూమాల కథలో ఈ లోపాలు కంటికే కనిపించాయి. 1990ల మొదట్లో అవి 20, 30 మాత్రమే మిగిలాయి. తోక చివర వంకర, వీపు మీద వెంట్రుకల సుడి, మగవాటిలో వృషణాలు కిందికి దిగకపోవడం, గుండె గదుల మధ్య రంధ్రం. తోక వంకర వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. అదే గుంపులో గుండె రంధ్రం కూడా ఉందంటే, డ్రిఫ్ట్ మంచీ చెడూ చూడకుండా ఏది పడితే దాన్ని పైకి తెస్తోందన్నమాట. సిమిలిపాల్ నలుపును కూడా ఆ తోక వంకరలాగే చదవాలి. నలుపు దానంతటది హాని చేస్తుందని ఆధారం లేదు. కానీ కంటికి కనిపించే ఒక జన్యువుకు ఇలా జరిగిందంటే, కనిపించని మరెన్నో జన్యువులకూ ఇదే జరిగి ఉంటుంది.

జబ్బులు ఇంకో సంగతి. 1980ల మొదట్లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక సఫారీ పార్కులోకి పిల్లి జాతి కరోనా వైరస్ చొరబడితే అక్కడి చీతాల్లో సగానికి పైగా చనిపోయాయి. అక్కడే ఉన్న సింహాలకు ఏమీ కాలేదు. దాదాపు పది, పన్నెండు వేల ఏళ్ల కిందటి బాటిల్‌నెక్ వల్ల చీతాలన్నీ ఒకదానికొకటి ఎంత దగ్గరయ్యాయంటే, సంబంధం లేని చీతాల మధ్య చర్మం ముక్కలు మార్చి అతికిస్తే వాటి శరీరాలు ‘ఇది పరాయిది’ అని వెంటనే తిరస్కరించలేదు. ఒక వైరస్ ఒక చీతాలో దారి కనుక్కుంటే మిగతావాటిలోనూ దారి దొరికినట్టే.

2018 సెప్టెంబరులో గిర్ తూర్పు భాగంలోని దల్ఖానియాలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయాయి. కుక్కల్లో ఎక్కువగా కనిపించే కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. ఇదే వైరస్ 1994లో సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతును బలిగొంది. కాబట్టి గిర్ మరణాలన్నీ వైవిధ్యం తక్కువై వచ్చినవేనని చెప్పడం సరికాదు. తేడా ఎక్కడంటే, సెరెంగెటి పోయినా ఆఫ్రికాలో సింహాలున్న అడవులు ఇంకా ఉన్నాయి. ఆసియా సింహానికి ఉన్నది ఒక్క సౌరాష్ట్రే.

ఈ సందర్భంగానే ఇంకో అపోహ. సుప్రీంకోర్టు 2013లో గిర్ సింహాల్లో కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించాలని ఆదేశించింది. అది ఇంతవరకు జరగలేదు. 2022 సెప్టెంబరు నుంచి కూనోలో ఆఫ్రికా చీతాలున్నాయి. సింహాలను కూనోకు పంపితే జన్యు వైవిధ్యం పెరుగుతుందని కొందరు రాస్తుంటారు. పెరగదు. వెళ్లేవీ గిర్ సింహాలే కాబట్టి కొత్త జన్యువు ఒక్కటీ చేరదు. అన్నీ ఒకే చోట ఉండగా జబ్బు వస్తే మొత్తం తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. అది చిన్న లాభం కాదు, కానీ వేరే లాభం. 2020లో 674గా ఉన్న గిర్ సింహాలు 2025 లెక్కింపులో 891కి చేరాయి. సంరక్షణ పరంగా ఇది గొప్ప విజయం. ఆ 891లోనూ ఉన్నది ఆ కొద్ది పదుల సింహాల జన్యువులే.

తట్టుకున్నవీ ఉన్నాయి

వైవిధ్యం తగ్గిన ప్రతి జంతువూ అంతరిస్తుందనుకుంటే అదీ తప్పే. ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఏనుగు సీళ్లను నూనె కోసం వేటాడి 19వ శతాబ్దం చివరికి వందకు లోపే మిగిల్చారు. వేట ఆగాక అవి 2 లక్షల దాకా పెరిగాయి. జన్యు తేడాలు మాత్రం ఇప్పటికీ అతి తక్కువ.

మెక్సికో దగ్గర కాలిఫోర్నియా సింధుశాఖలో ఉండే వాకిటా అనే చిన్న పార్పాయిస్ (డాల్ఫిన్‌ను పోలిన సముద్ర జంతువు) ఇప్పుడు పది దాకానే మిగిలింది. దాని జన్యుక్రమం మీద 2022లో వచ్చిన అధ్యయనం ఆసక్తికరమైన విషయం చెప్పింది. వాకిటాలు వేల ఏళ్లుగా తక్కువ సంఖ్యలోనే బతుకుతున్నాయి. అందువల్ల తీవ్రంగా హాని చేసే జన్యువులు ఎప్పుడో బయటపడి, వాటిని మోసిన జంతువులతో పాటే పోయాయి. చేపల వలల్లో చిక్కి చావడం ఆగితే అవి కోలుకునే అవకాశం ఇంకా ఉందని ఆ అధ్యయనం సారం. అంటే అక్కడ జన్యువులను సాకుగా చూపి చేతులెత్తేయడానికి వీల్లేదు.

ఇలా చెడు జన్యువులు వడపోతకు గురవడం పులుల్లోనూ కొంత జరిగింది. రాజస్థాన్‌లోని రణథంబోర్ పులులు చుట్టూ దారులు మూసుకుపోయి మిగిలిన గుంపు. వాటి జన్యుక్రమాలను ఇతర చోట్ల పులులతో పోల్చి 2021లోనే ప్రచురించిన మరో అధ్యయనంలో, పెద్ద హాని చేసే మార్పులు రణథంబోర్‌లో కొంత తగ్గాయని తేలింది. అయితే కొద్దికొద్దిగా హాని చేసేవి వడపోతకు దొరకకుండా రెండు ప్రతులూ చెడిన స్థితిలో పోగుపడుతున్నాయి. వడపోత ఒక భరోసా అనుకోలేం. అది నడవాలంటే మధ్యలో ఎన్నో పిల్లలు చావాలి, ఆ నష్టాన్ని భరించేంత సంఖ్య గుంపులో ఉండాలి.

బయటి నుంచి ఒక్కటి వచ్చినా

మందు మాత్రం కనిపెట్టాల్సిన అవసరం లేని మందు. 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి ఫ్లోరిడాలో వదిలారు. వాటిలో 5 పిల్లల్ని కన్నాయి. తర్వాతి పదిహేనేళ్లలో పాంథర్ల సంఖ్య మూడింతలైంది, జన్యు వైవిధ్యం రెండింతలైంది. తోక వంకరలు, గుండె లోపాలు బాగా తగ్గాయి. తరానికి ఒక్క బయటి జంతువు వచ్చి పిల్లల్ని కన్నా, గుంపులో జన్యువులు పూర్తిగా ఒకే రూపానికి కుదించుకుపోకుండా చాలావరకు ఆగుతుందని జన్యుశాస్త్రంలో చాలాకాలంగా ఉన్న లెక్క. అంత తక్కువ చాలు. కానీ ప్రతి తరంలోనూ కావాలి.

ఆ ‘ప్రతి తరంలోనూ’ అన్న షరతు ఎంత కఠినమో అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి చూపిస్తుంది. 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా కొన్ని తోడేళ్లు ఆ దీవికి చేరాయి. 1980ల మొదట్లో కుక్కల నుంచి వచ్చిన పార్వో వైరస్‌తో 50 నుంచి 14కు పడిపోయాయి. 1997లో మళ్లీ మంచు మీదుగా ఒక మగ తోడేలు వచ్చింది. స్థానిక మగవాటి కంటే బలమైనది. కొద్ది ఏళ్లలోనే దాని సంతానమే దీవిని నింపింది. మొదట గుంపుకు ఊపు వచ్చింది. తర్వాత అదే చిక్కయింది. దీవిలోని తోడేళ్లన్నీ ఒకే తాత మనవలైపోయి మళ్లీ దగ్గర రక్తమే మిగిలింది. వెన్నుపూస లోపాలు పెరిగాయి. సరస్సు గడ్డకట్టే చలికాలాలు తగ్గిపోవడంతో కొత్త తోడేళ్లు రాలేదు. 2016 నాటికి మిగిలినవి రెండే, అవీ తండ్రీకూతుళ్లు. చివరికి 2018, 2019లలో 19 తోడేళ్లను మనుషులే తీసుకెళ్లి వదలాల్సి వచ్చింది.

సిమిలిపాల్‌కు తెచ్చిన ఆడపులుల విషయంలో జన్యువుల లెక్క సూటిగా ఉంది. తాడోబా ఆడపులి నల్లటి మగపులితో జతకట్టినా పుట్టే పిల్లలన్నీ పసుపుగానే ఉంటాయి. తల్లి నుంచి మామూలు ప్రతే వస్తుంది కనుక. నల్లరంగు అంతరించదు, ఆ పిల్లల్లో దాక్కుంటుంది. కొన్ని తరాలకు నల్లపులుల శాతం తగ్గడం చూసి పర్యాటకం దెబ్బతిందని ఎవరైనా గోల చేస్తే, అది ఈ ప్రయత్నం విఫలమవడం వల్ల కాదు, ఫలించడం వల్లే. నల్లపులి నుంచి నల్లపులినే పుట్టించే ఆలోచన, అడవిలోనైనా సఫారీలోనైనా, సమస్యను ఇంకా బిగించడమే. తెల్లపులుల విషయంలో జూలు దశాబ్దాల పాటు చేసింది అదే. ఆ వంశాల్లో మెల్లకన్ను లాంటి లోపాలు అందరూ చూశారు.

అయితే తెచ్చి వదలడం అనుకున్నంత తేలిక కాదు. జీనత్ 2024 డిసెంబరులో సిమిలిపాల్ దాటి జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ అడవుల్లో దాదాపు మూడు వారాలు తిరిగింది. డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తు ఇచ్చి పట్టుకుని వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. ఊళ్లలో టెన్షన్, సిబ్బందికి నిద్రలేని రాత్రులు. కానీ ఆ ప్రయాణం ఒక విషయం చూపించింది. వదిలిపెడితే పులి వందల కిలోమీటర్లు నడవగలదు. సంబంధాలు తెగిపోయింది పులికి కాళ్లు లేక కాదు, నడిచే దారిలో పొలాలు, గనులు, హైవేలు, ఊళ్లు వచ్చి చేరినందుకు.

తాడోబా నుంచి కవ్వాల్ దాకా

అదే తాడోబా పులులు తెలంగాణకు నడిచే వస్తాయి. మహారాష్ట్ర నుంచి ప్రాణహిత, పెన్‌గంగ నదుల పరీవాహక అడవుల గుండా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ అడవుల్లోకి, అక్కడి నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వు వైపు. కాగజ్‌నగర్ ప్రాంతంలో పులులు పిల్లల్ని కన్న సందర్భాలూ ఉన్నాయి. లారీ ఖర్చు, మత్తు ఇంజెక్షన్, రేడియో కాలర్ ఏదీ లేకుండా సిమిలిపాల్ కోసం ఇప్పుడు ఎంతో కష్టపడి చేస్తున్న పని ఇక్కడ దానంతటదే జరుగుతోంది.

ఈ దారిని కాపాడేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025 మే నెలలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. పోడు భూములు, అటవీ హక్కులు ఏమవుతాయన్న ఆందోళనతో ఆదివాసులు బంద్‌లు చేశారు. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. ఆదివాసుల భయాన్ని అభివృద్ధికో, అడవికో అడ్డంకిగా చూడటం అన్యాయం. పులి నడిచే దారిలో తరతరాలుగా బతుకుతున్నది వాళ్లే. వాళ్ల హక్కుల పట్టాలు తేల్చకుండా గీసిన ఏ కారిడార్ గీతా మ్యాప్ మీద తప్ప నేల మీద నిలవదు. అదే సమయంలో, ఈ దారి మూసుకుపోతే కవ్వాల్‌కు చేరే పులులకూ ముందు ముందు సిమిలిపాల్ గతే పట్టొచ్చు.

రోడ్ల దగ్గర పరిష్కారం తెలిసినదే. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ అడవి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిని విస్తరించినప్పుడు జంతువులు కింద నుంచి దాటేందుకు వంతెనల్లాంటి అండర్‌పాస్‌లు కట్టారు. పులులు వాటి కింద నడుస్తున్నట్టు కెమెరాలకు చిక్కింది. ఒక్కో పులి అలా దాటి అవతలి అడవిలో ఈనితే, తరానికి ఒక్కటి అన్న లెక్క అక్కడే పూర్తవుతుంది.